28 సెకన్లు, అర సెంటీమీటరు, రెండు తులాల గొలుసు

ఈ వారం ఉత్తరం సూర్యాపేట జిల్లాలోని ఒక ఊరి నుంచి వచ్చింది. నోట్‌బుక్‌లోంచి చింపిన ఆరు కాగితాలు, రెండువైపులా రాసినవి. పేరు, ఊరు బయటపెట్టొద్దని కోరారు కాబట్టి అవి వదిలేసి సంగతి చెబుతాను.

రాసినామెకు 26 ఏళ్లు. బీకాం చదివారు, బీసీ. 2022 పోలీసు కానిస్టేబుల్ నోటిఫికేషన్‌లో ప్రిలిమ్స్ దాటి ఈవెంట్స్‌కు, అంటే పరుగు, లాంగ్‌జంప్, గుండు విసరడం పరీక్షలకు వెళ్లారు. ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో ముగించాలి. ఈమెకు 5 నిమిషాల 31 సెకన్లు పట్టింది. పరుగులో పోయినవాళ్లను ఎత్తు కొలిచే చోటికి కూడా పంపరు, అక్కణ్నుంచి అటే ఇంటికి. మరుసటి ఏడు పెళ్లయింది. భర్తకు మండల కేంద్రంలో మొబైల్ రిపేర్ షాపు ఉంది. ఇప్పుడు 8 నెలల బాబు. పెద్దాపరేషన్ చేసి తీశారు.

మళ్లీ నోటిఫికేషన్ వస్తుందని అందరూ అంటున్నారని మూడు నెలలుగా తెల్లారకముందే ఊరి హైస్కూల్ గ్రౌండ్‌లో పరుగెత్తుతున్నారు. టైం 5:48 దగ్గర ఆగిపోయింది, ఎంత చేసినా దిగడం లేదు. అత్తగారేమో "పొద్దుగాల్నే ఉరికితే పాలు ఇరిగిపోతయ్, పోరడు ఏం తాగాలె?" అంటారు. ఇదే అత్తగారు, కాన్పయిన మూడో నెలలోనే తాను నాట్లకు పోయానని ఊరంతా గొప్పగా చెప్పుకుంటారు. భర్తను అడిగితే "నీ ఇష్టం" అని మళ్లీ ఫోన్ విప్పుకుంటూ కూర్చుంటారు.

ఎత్తు ఇంకో భయం. కావాల్సింది 152.5 సెంటీమీటర్లు. అంగన్‌వాడీలో కొలిస్తే 152 వచ్చింది, ప్రైవేటు ఆస్పత్రిలో 153. గ్రౌండ్‌లో పరిచయమైన ఒక కోచ్ స్టామినా గోలీలని కొన్ని ఇచ్చి, ఎత్తు సంగతి చూసుకునే మనిషి తనకు తెలుసన్నాడు. లక్షన్నర బేరం. అందులో 35 వేలు అడ్వాన్సు ఇచ్చేశారు. పెళ్లిలో తల్లి పెట్టిన రెండు తులాల గొలుసు కుదువబెట్టి తెచ్చిన 60 వేలల్లోవి అవి. మిగతా 25 వేలు కోచింగ్‌కు, పుస్తకాలకు, బూట్లకు పోయాయి. గొలుసు పుట్టింట్లో ఉందని ఇంట్లో చెప్పారు. బతుకమ్మ దగ్గరికొస్తోంది.

చివరి కాగితం అడుగున, మిగతా ఉత్తరం కన్నా చిన్న అక్షరాల్లో, ఒక వాక్యం ఉంది. "ఉరికినప్పుడు, దుంకినప్పుడు కొంచెం మూత్రం పడుతుంది మేడమ్, ఎవరికీ చెప్పలే."

ఆమె అడిగినవి మూడు. ఉరకాలా, మానాలా? గొలుసు సంగతి ఇంట్లో చెప్పాలా? మిగతా లక్షా 15 వేలు ఎక్కణ్నుంచైనా తెచ్చి ఆ మనిషికి కట్టాలా?

సమాధానం:

ఆ చిన్న అక్షరాల దగ్గరే మొదలుపెడతాను. నేను 31 ఏళ్లు సర్కారు బడుల్లో ఆటల టీచర్‌ని. అప్పట్లో మమ్మల్ని పీఈటీ (ఫిజికల్ ఎడ్యుకేషన్ టీచర్) అనే పిలిచేవాళ్లు, ఇప్పుడు మీ ఈవెంట్స్ పరీక్షకూ (ఫిజికల్ ఎఫిషియెన్సీ టెస్ట్) అదే పొట్టిపేరు. కాన్పు తర్వాత మళ్లీ గ్రౌండ్‌కు వచ్చిన ఆడవాళ్లను చాలామందిని చూశాను. ఎంతోమందికి ఇదే ఇబ్బంది, ఒక్కరూ నోరు తెరిచి చెప్పేవారు కాదు. పరుగు మధ్యలో ఆగి బూటు లేసు కట్టుకుంటున్నట్టు వంగేవాళ్లు. లేసు ఊడలేదని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు.

తొమ్మిది నెలలు బిడ్డ బరువు మోసిన కటి కండరాలు వదులవుతాయి. పెద్దాపరేషన్ అయినా సరే, మోసిన బరువు మోసినట్టే కదా. దగ్గినా, దూకినా, పరుగెత్తినా ఒత్తిడి అక్కడే పడుతుంది. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు, చాలావరకు సరయ్యేదే. మూత్రాన్ని, గ్యాస్‌ను ఆపుకున్నట్టుగా లోపలి కండరాలను బిగించి, ఐదు సెకన్లు పట్టి, మెల్లగా వదలాలి. పదిసార్లు చేస్తే ఒక విడత, రోజుకు మూడు విడతలు. బాబుకు పాలిచ్చేటప్పుడు కూర్చునే చేయొచ్చు, ఎవరికీ తెలియదు. మూత్రానికి వెళ్లినప్పుడు మాత్రం ఈ పని చేయకండి. ఫలితం వారంలో కనిపించదు, రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి. దానికన్నా ముందు ఒకసారి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. ఇలా మూత్రం పడుతోంది, మూడు నెలలుగా పరుగెత్తుతున్నాను, దూకడం, గుండు విసరడం కూడా మొదలుపెట్టాలనుకుంటున్నాను, కుట్లు, కింది కండరాలు చూసి చెప్పండి అని నేరుగా అడగండి. కింద ఏదో బరువుగా జారుతున్నట్టు అనిపిస్తే ఆ రోజే పరుగు ఆపండి. డాక్టరు చూసేదాకా లాంగ్‌జంప్ జోలికి పోవద్దు.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడే రక్తంలో హిమోగ్లోబిన్ కూడా చూపించుకోండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. మీది ఆపరేషన్ కాన్పు, పైగా పాలిస్తున్నారు. మీ నంబరు 12 కన్నా తక్కువుంటే, మూడు నెలలుగా టైం కదలకపోవడానికి కారణం మీ బద్ధకమూ, కాళ్లూ కాకపోవచ్చు. ఊపిరి పీల్చిన గాలిని కండరాలకు మోసుకెళ్లే సరుకే ఒంట్లో తక్కువగా ఉందన్నమాట. డాక్టరు ఐరన్ గోలీలు రాస్తే వేసుకోండి, వేసుకున్న గంట వరకూ చాయ్ తాగకండి. చాయ్ ఆ ఐరన్‌ను ఒంటికి పట్టనీయదు.

ఇక ఆ స్టామినా గోలీలు. వాటిమీద పేరు ఉందో లేదో మీరు రాయలేదు. ఉన్నా లేకపోయినా ఇవాళే ఆపేయండి. మీరు మింగేది మీ ఒక్కరి ఒంట్లోకే పోవడం లేదు, చాలా మందులు పాలల్లోకి దిగుతాయి. మిగిలినవి పారేయకుండా డాక్టరుకు చూపించండి, ఇప్పటిదాకా ఎన్ని వేసుకున్నారో దాచకుండా చెప్పండి.

అత్తగారి పాలమాట కూడా ఇక్కడే తేల్చేద్దాం. మామూలు పరుగు వల్ల పాలు విరగవు, తగ్గవు. బయల్దేరే ముందు బాబుకు పాలు పట్టి వెళ్లండి, రొమ్ములు బరువుగా లేకుండా పరుగు మీకే సుఖంగా ఉంటుంది. బిగువుగా పట్టి ఉంచే బ్రా ఒకటి కొనుక్కోండి. నీళ్లు ఎక్కువ తాగండి.

ఇప్పుడు 5:48 సంగతి. నన్నడిగితే ఈ అంకెను నేను నమ్మను. మీరు పరుగెత్తే హైస్కూల్ గ్రౌండ్ చుట్టుకొలత ఎంతో ఎవరైనా టేపుతో కొలిచారా? "నాలుగు రౌండ్లు కొడితే 800" అని ఎవరో చెప్పి ఉంటారు. నేను పనిచేసిన బడుల్లోనే 200 మీటర్లు అనుకున్న గ్రౌండ్ ఒకచోట 188 తేలింది, ఇంకోచోట 220 తేలింది. రౌండ్ 220 అయితే మీరు పరుగెత్తుతున్నది 880 మీటర్లు, అంటే మీరిప్పటికే పాసైనట్టే. 188 అయితే 752 మీటర్లకే 5:48 పడుతోంది, అంటే ఉన్న పని అనుకున్నదానికన్నా ఎక్కువ. ఫోన్‌లోని యాప్ చిన్న గ్రౌండ్ మలుపుల దగ్గర తప్పు చూపిస్తుంది. బడిలో ఆటల సారు ఉంటే ఆయన దగ్గర 30 మీటర్ల టేపు ఉంటుంది. ఒక ఆదివారం కొలిచి, సున్నంతో గీత వేసుకోండి.

నిజంగానే 5:48 అనుకుందాం. తగ్గాల్సింది 28 సెకన్లు. భయపడాల్సినంత కాదు. 5:20 అంటే ప్రతి 200 మీటర్లకు 80 సెకన్లు. మీకు 87 పడుతున్నాయి. రౌండుకు 7 సెకన్లు. రైల్వే రక్షక దళం కానిస్టేబుల్ పరీక్షలో ఇదే 800 మీటర్లకు ఆడవాళ్లకు ఇచ్చేది 3 నిమిషాల 40 సెకన్లే. దాంతో పోలిస్తే మన దగ్గర అడిగేది వేగం కాదు, తడబడకుండా సాగే పరుగు.

గ్రౌండ్‌కు వచ్చేవాళ్లంతా చేసే తప్పు ఒకటుంది, మీరూ అదే చేస్తుంటారని నా అనుమానం. రోజూ 800 మొత్తం పరుగెత్తి టైం చూసుకోవడం. రోజూ పరీక్ష రాస్తే చదువు వస్తుందా? వారానికి మూడు రోజులు చాలు. ఒకరోజు మాట్లాడుకుంటూ పోగలిగినంత నెమ్మదిగా 20 నిమిషాలు పరుగు, అలుపొస్తే నడక. ఇంకోరోజు 200 మీటర్లు 75 సెకన్లలో, ఆపైన రెండు నిమిషాల నడక, ఇలా నాలుగుసార్లు, తర్వాతి వారాల్లో ఆరుసార్లు. మూడో రోజు గుండు, మెట్లు ఎక్కడం, గుంజీలు. టైం చూసుకోవడం రెండు వారాలకు ఒక్కసారే. పరీక్ష రోజున మొదటి 200 అందరూ తరుముతున్నట్టు పరుగెడతారు, 65 సెకన్లకే చుట్టేసి మూడో రౌండుకల్లా నడుం పట్టుకుంటారు. 2022లో మీరు పోగొట్టుకున్న ఆ 11 సెకన్లు మొదటి రౌండులోనే పోయాయేమో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం వస్తే మాత్రం ఏ గీత దగ్గరైనా ఆగిపోవాలి. ఉమ్మడి రాష్ట్రంలో మగపిల్లలతో 5 కిలోమీటర్లు 25 నిమిషాల్లో పరుగెత్తించేవాళ్లు, ఆ పరుగులో ప్రాణాలు పోయిన పిల్లలున్నారు. తెలంగాణ వచ్చాక దాన్ని తీసేశారు. 2024 ఆగస్టులో జార్ఖండ్‌లో ఎక్సైజ్ కానిస్టేబుల్ పోస్టులకు 10 కిలోమీటర్లు పెట్టినప్పుడు పది మందికి పైగా చనిపోయారు. ఉద్యోగం కోసమే అయినా గుండె ఒకటే కదా.

లాంగ్‌జంప్, షాట్‌పుట్ గురించి మీరు ఒక్క ముక్క రాయలేదు. పోయినసారి ఆడవాళ్లకు 2.5 మీటర్ల లాంగ్‌జంప్, 4 కిలోల గుండు 4 మీటర్లు, పరుగుతో కలిపి మూడూ దాటాల్సిందే. పరుగు చూసుకుంటూ గుండును మరిచిపోయి, తీరా అక్కడికెళ్లాక మూడున్నర దగ్గర పడేసుకున్న పిల్లలను చూశాను. స్టేషన్లలో పనిచేసే సివిల్ పోస్టులకైతే ఇవన్నీ దాటితే చాలు, మార్కులు కలపరు. ఆర్మ్‌డ్ రిజర్వులాంటి సాయుధ విభాగాలకు మాత్రం ఈవెంట్స్‌లో ఎంత బాగా చేస్తే అంత లాభం. ఇంకొకటి, యూట్యూబ్‌లో కనిపించే తెలుగు వీడియోల్లో సగం ఆంధ్రప్రదేశ్ పరీక్షవి. అక్కడ ఆడవాళ్లకు 1600 మీటర్లు 10 నిమిషాల 30 సెకన్లలో. అది చూసి టెన్షన్ పడకండి.

ఎత్తు దగ్గరికొద్దాం. పరుగును పెంచుకోవచ్చు, ఎముకను పెంచుకోలేం. 26 ఏళ్లకు ఏ గోలీ, ఏ వేలాడే కడ్డీ అర సెంటీమీటరు కూడా ఇవ్వదు. కాబట్టి ముందు నిజం తెలుసుకోవాలి. మనిషి పొద్దున లేచినప్పటికన్నా సాయంత్రానికి దాదాపు ఒక సెంటీమీటరు తగ్గుతాడు, వెన్నుపూసల మధ్య మెత్తలు ఒత్తుకుపోయి. మీ 152, మీ 153 రెండూ నిజమే అయి ఉండొచ్చు, కొలిచిన వేళ వేరు. పైగా పరీక్షలో పరుగు తర్వాతే ఎత్తు కొలుస్తారు. అందుకని పెద్దాస్పత్రిలో గోడకు బిగించిన స్కేలు దగ్గర మూడు వేర్వేరు రోజుల్లో కొలిపించుకోండి, ఒకటి పొద్దున, రెండు సాయంత్రం. వట్టికాళ్లు, మడమలు గోడకు ఆని, జడ కొప్పు లేకుండా. మూడూ 152.5కు పైనే వస్తే ఈ భయం ఇక్కడితో ముగిసింది. ఒకటి పైన, ఒకటి కింద వస్తే నిలబడే పద్ధతి నేర్చుకోవాలి, కుదిరితే పొద్దున స్లాట్ దొరకాలని కోరుకోవాలి. సాయంత్రాలు 152 కన్నా కిందికే వస్తుంటే ఆ నిజాన్ని ఇప్పుడే ఒప్పుకోవడం నయం, ఇంకో ఏడాది ఖర్చు పెట్టాక కాదు. 2023 ఫిబ్రవరిలో ఒక సెంటీమీటరు, అంతకన్నా తక్కువ తేడాతో పోయినవాళ్లకు హైకోర్టు ఆదేశాల తర్వాత మళ్లీ కొలిపించుకునే అవకాశం ఇచ్చారు. అలాంటిది మళ్లీ వస్తుందన్న హామీ లేదు. వచ్చినా అది ఇంకోసారి కొలవడమే, సడలింపు కాదు.

ఇప్పుడు ఆ లక్షన్నర మనిషి. అతని వ్యాపారం ఎలా నడుస్తుందో చెబుతాను. మీలాంటి పదిమంది దగ్గర అడ్వాన్సు తీసుకుంటాడు. ఎవరికీ ఏమీ చేయడు. పదిమందిలో నలుగురు తమ ఎత్తుతో తామే పాసవుతారు. వాళ్ల దగ్గర "నేనే చేయించాను" అని మిగతా డబ్బు వసూలు చేస్తాడు. ఆ నలుగురూ ఊళ్లో అతని గొప్ప చెబుతారు. పోయిన ఆరుగురికి "పైవాళ్లు మారిపోయారు" అని చెప్పి కొంత తిరిగిచ్చి కొంత ఎగ్గొడతాడు. మీకు ఆస్పత్రిలో 153 వచ్చిందని అతనికి చెప్పారా? చెప్పి ఉంటే మీరు అతని నలుగురిలో ఒకరు. కొలతలు ఇప్పుడు మిషన్ల మీద, కెమెరాల ముందు జరుగుతాయి. పరుగు టైం చిప్‌లు లెక్కిస్తాయి.

అడిగారు కాబట్టి చెబుతున్నాను, మిగతా లక్షా 15 వేలు కడితే మీకు రెండు దారులు మిగులుతాయి. ఉద్యోగం రాకపోతే డబ్బు పోతుంది. వస్తే అంతకన్నా పెద్ద చిక్కు, ఉద్యోగం చేసినంతకాలం ఒక బ్రోకరు చేతిలో మీ గుట్టు ఉంటుంది. ఇచ్చిన 35 వేల మీద ఆశ వదులుకోవాల్సి రావచ్చు. అడగడం మాత్రం అడగండి, "నాకు ఆ పని వద్దు, నా డబ్బు తిరిగివ్వండి" అని, వెంట ఒక మనిషిని పెట్టుకుని. ఫిర్యాదు చేయాలనిపిస్తే మాత్రం ముందు లాయరుతో మాట్లాడాలి. 2018లో అవినీతి నిరోధక చట్టాన్ని సవరించాక లంచం ఇవ్వడమూ నేరమే. బలవంతం మీద ఇచ్చినవాళ్లు ఏడు రోజుల్లోపు చెప్పుకుంటే రక్షణ ఉంది, మీరు బలవంతం మీద ఇవ్వలేదు, ఏడు రోజులూ దాటిపోయాయి. పోలీసు ఉద్యోగానికి పూర్వాపరాల విచారణ జరుగుతుందని మీకు తెలుసు. సూర్యాపేటలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు. అక్కడ జరిగింది జరిగినట్టు చెప్పి, ఏం చేస్తే ఏమవుతుందో విన్నాకే అడుగు వేయండి.

మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించని గడియారం ఒకటుంది, వయసు. కానిస్టేబుల్‌కు అసలు గరిష్ఠ వయసు 22. బీసీలకు 5 ఏళ్ల సడలింపుతో 27. 2022లో ప్రభుత్వం అందరికీ ముందు 3 ఏళ్లు, ఆపైన ఇంకో 2 ఏళ్లు పెంచింది కాబట్టి మీ గ్రౌండ్‌లో 30 దాటినవాళ్లు కూడా "ఇంకా టైముంది" అంటుంటారు. ఆ పెంపు ఆ నోటిఫికేషన్‌కు. వచ్చేదానికి ఇస్తారో లేదో వచ్చేదాకా ఎవరూ చెప్పలేరు. ఇవ్వకపోతే మీకున్నది ఒక్క అవకాశం. అలాగే ఈవెంట్స్ కూడా ఎప్పుడూ ఒక్కలా ఉండవు. 2018లో ఆడవాళ్లకు 800 మీటర్లే లేదు, 100 మీటర్లు ఉండేది. నోటిఫికేషన్ రాగానే పేజీలన్నీ చదవండి, కోచింగ్ వాళ్లు పంపే ఫొటో కాదు.

కాబట్టి నాకు కనిపిస్తున్న దారులు ఇవి. ఒకటి, ఎత్తు తేలి, డాక్టరు సరేనంటే, ఈ ఒక్క నోటిఫికేషన్‌కు పూర్తిగా కూర్చోవడం. దానికి ఇల్లు కదలాలి, అది కింద చెబుతాను. రెండోది, దీంతోపాటు ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పోస్టుల మీద కన్నేసి ఉంచడం. అక్కడ ఆడవాళ్ల ఎత్తు 150 చాలు, పరుగు లేదు, 16 కిలోమీటర్లు 4 గంటల్లో నడవాలి. మీ ఒంటికి ఇప్పుడున్న పరిస్థితిలో నడక మేలు. కాకపోతే అడవి దగ్గర పోస్టింగు, మండల కేంద్రంలో షాపున్న భర్త, చిన్న బాబు, అదీ లెక్కలోకి తీసుకోవాలి. కేంద్ర బలగాల వైపు చూడకండి, వాటిలో ఆడవాళ్లకు మామూలుగా 157 అడుగుతారు. మూడోది, యూనిఫాం వదిలేసి గ్రూప్-4 లాంటివి చూసుకోవడం. ఓడిపోయినట్టని మీకు అనిపించొచ్చు. బీకాం చదివినామెకు అది చిన్నదారి కాదు. కానీ ఆరు కాగితాల్లో ఎక్కడా మీరు "గవర్నమెంటు ఉద్యోగం" అని రాయలేదు, ప్రతిచోటా "పోలీసు" అనే రాశారు. ఎందుకో మీరు చెప్పలేదు, నేను అడగడం లేదు. మీ ఇంట్లోవాళ్లకు మాత్రం ఎప్పుడైనా చెప్పారా?

అత్తగారు పాల గురించి మాట్లాడుతున్నారు. నాకు వినిపిస్తున్నది వేరు. కానిస్టేబుల్‌గా సెలక్టయితే ట్రైనింగు దాదాపు 9 నెలలు, అక్కడే ఉండాలి. ఆ తర్వాత బందోబస్తులు, నైట్ డ్యూటీలు. బాబును ఎవరు చూసుకుంటారు? ఆమెకు ఈ లెక్క తెలుసు, చూసుకోవాల్సింది తానే అని కూడా తెలుసు, కానీ ఆ మాట ఆమెను ఎవరూ అడగలేదు. అడగకుండా తన మీద పడబోతున్న పనికి మనిషి ఏదో ఒక సాకు వెతుక్కుంటుంది. నాట్లకు పోయిన కథను దెప్పిపొడవడానికి వాడకండి, ఆ కోరిక మీకు కలిగి ఉంటుంది, నాకూ కలిగింది. దాన్నే ప్రశ్నగా అడగండి. "అత్తమ్మా, మూడో నెల్లనే నాట్లకు పోతే అప్పుడు పిల్లగాణ్ని ఎవరు పట్టుకున్నరు?" ఆమె చెప్పే జవాబులోంచే మీ మాట మొదలవుతుంది. ఆమె చూసుకోనంటే ఆ మాట ఇప్పుడే తెలియడం మంచిది. అప్పుడు మీ అమ్మగారినో, ట్రైనింగుకు దగ్గర్లోని బంధువులనో అడగడానికి సమయం ఉంటుంది.

భర్త "నీ ఇష్టం" అన్నారు. అది ఒప్పుకోవడమూ కాదు, వద్దనడమూ కాదు. గెలిస్తే మన ఇంటి పేరు, ఓడితే నీ ఇష్టం. "నాకు సపోర్ట్ చెయ్యి" అని అడిగితే ఇదే జవాబు మళ్లీ వస్తుంది. పని పేరు చెప్పి అడగండి. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఐదున్నర నుంచి ఆరున్నర దాకా బాబు మీ చేతిలో ఉంటాడు, ఏడ్చినా నన్ను పిలవొద్దు. ఇంతే. షాపు తెరిచేది తొమ్మిదికి కదా. ఒక నెల అలా జరిగితే మిగతా సంగతులు మాట్లాడుకునే చనువు దానంతటదే వస్తుంది. జరగకపోతే, 9 నెలల ట్రైనింగు ఆ ఇంట్లో ఎలా నడుస్తుందో మీకు ముందే తెలుస్తుంది, దాన్నిబట్టి రెండో దారో మూడో దారో ఎంచుకోవచ్చు.

గొలుసు. మీ అమ్మగారు పెట్టింది, అది మీ సొత్తు. కుదువబెట్టడం తప్పని నేను అనను. దాచడం మాత్రం రోజురోజుకూ బరువెక్కుతోంది. 60 వేలకు రెండు రూపాయల వడ్డీ అని రాశారు, నెలకు 1200. బతుకమ్మ నాడు అత్తగారు "గొలుసు ఏస్కో బిడ్డా" అంటారు. పుట్టింటికి ఫోన్ చేస్తే మీ అమ్మగారికి ఏం తెలుసు? అబద్ధం ఆమె నోటితోనూ ఆడించాల్సి వస్తుంది.

చెప్పకుండా ఉండి, ఎక్కడో ఒకచోట అప్పు తెచ్చి పండుగలోపు విడిపించడం ఒక దారి. అది ఒక అప్పును ఇంకో అప్పు కిందికి నెట్టడమే, చదువుకోవాల్సిన గంటలు వడ్డీ లెక్కల్లో పోతాయి. మీ అమ్మగారికి ఒక్కరికే చెప్పడం ఇంకొకటి, ధైర్యం వస్తుంది కానీ మీ ఇంట్లో సమస్య అలాగే ఉంటుంది. భర్తకు చెప్పడం అన్నిటికన్నా కష్టం. కోప్పడతారు. ఆ 35 వేల దగ్గర మరీ కోప్పడతారు, ఆ కోపం న్యాయమైనదే. కొన్నాళ్లు గ్రౌండ్ మాటే ఎత్తొద్దనవచ్చు. అయినా ఆయన మీ నోటి వెంట వినడానికి, బతుకమ్మ నాడు నలుగురిలో వినడానికి తేడా ఉంటుంది. చెప్పేటప్పుడు మొత్తం ఒకేసారి చెప్పండి. 25 వేలు ఇవాళ, 35 వేలు వచ్చేనెల అన్నట్టు వాయిదాల మీద చెప్పారంటే రెండోసారి మిమ్మల్ని నమ్మరు. బాబు పడుకున్నాక, అత్తగారు లేనప్పుడు, కుదువ చీటీ చేతికిచ్చి చెప్పండి. అదే కూర్చోవడంలో ఆ మిగతా డబ్బు కట్టడం లేదని కూడా చెప్పండి, ఆ మాట ఆయనకు వినబడాలి. భయం మరీ ఎక్కువుంటే, ఆయన చేయి చేసుకుంటారన్న అనుమానం ఏ మూలనైనా ఉంటే, ఒంటరిగా చెప్పకండి, మీ అన్నయ్యనో అమ్మగారినో పక్కన పెట్టుకోండి.

అన్నీ ఈ వారమే తేలవు, తేల్చొద్దు కూడా. రేపు డాక్టరు, గోలీలు. ఆదివారం టేపు, సున్నం. గొలుసు మాట పండుగకు కనీసం రెండు వారాల ముందు. గ్రౌండ్ కొలిచాక రౌండు ఎన్ని మీటర్లు తేలిందో, దానిమీద మీ టైం ఎంత వచ్చిందో నాకు ఒక కార్డు ముక్క రాయండి. 220 అని తేలుతుందేమోనని నాకు చిన్న ఆశ ఉంది.